నగ్గర్‌లోని రోరిక్ దంపతుల ఇల్లు: ఎలా చూడాలి, ఏమి తెలుసుకొని వెళ్ళాలి

కొండదారి:

మనాలి వెళ్ళివచ్చిన మనవారిని ఏమేం చూశారని అడిగితే హిడింబ గుడి, సోలాంగ్ లోయ, రోహ్తంగ్ కనుమ, ఈమధ్యనైతే అటల్ సొరంగం అని చెబుతారు. మనాలికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, బియాస్ నదికి ఎడమ గట్టున కొండవాలు మీద ఉన్న నగ్గర్ పేరు ఆ వరుసలో అరుదుగా వస్తుంది. వచ్చినా, అక్కడి పాత రాజుల కోట ముందు ఫోటో తీయించుకోవడంతో ముగుస్తుంది. ఆ కోట దాటి, త్రిపురసుందరి గుడి మీదుగా మరి కొంత పైకి వెళితే, దేవదారు చెట్ల మధ్య రాతితోను చెక్కతోను కట్టిన రెండంతస్తుల ఇల్లు ఒకటి ఉంది. రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్, ఆయన భార్య హెలెనా దాదాపు ఇరవై ఏళ్ళపాటు తమదిగా భావించిన ఇల్లు అది. ఇటీవల అక్కడికి వెళ్ళి వచ్చాను. వెళ్ళబోయేవారికి పనికివస్తుందనే ఉద్దేశంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు కొంత చరిత్ర చెప్పాలి. నికొలస్ 1874లో, హెలెనా 1879లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. వారి వివాహం 1901లో జరిగింది. రష్యా విప్లవం తరువాత వారు స్వదేశానికి దూరమై, ఐరోపా, అమెరికాల మీదుగా 1923 చివర భారతదేశానికి వచ్చారు. 1925 నుంచి 1928 వరకు పెద్ద కుమారుడు యూరితో కలిసి లదాఖ్, చైనా తుర్కిస్తాన్ (నేటి షింజియాంగ్), ఆల్తాయ్, మంగోలియా, టిబెట్‌ల మీదుగా సాగిన దీర్ఘయాత్ర ముగించుకొని డార్జిలింగ్ చేరారు. ఆ ఏడాది జూలైలో అక్కడే 'ఉరుస్వతి' అనే హిమాలయ పరిశోధన సంస్థను స్థాపించి, సంవత్సరం చివరికల్లా దానితో సహా కుల్లు లోయకు తరలివచ్చారు. అంతకు ముందు మండి రాజు ఆధీనంలో ఉన్న ఈ ఇల్లే వారి నివాసమయింది.

ఇప్పుడు కింది అంతస్తులో చిత్రశాల ఉంది. అక్కడ నికొలస్ వేసిన హిమాలయ చిత్రాలు, చిన్న కుమారుడు స్వెతొస్లావ్ వేసినవి కొన్ని పెట్టారు. పై అంతస్తులో వారు వాడుకున్న గదులను అప్పటి సామానుతో అలాగే ఉంచారు. గదుల్లోకి ప్రవేశం లేదు. ఇంటి చుట్టూ ఉన్న చెక్క వరండాలో నడుస్తూ అద్దాల కిటికీల్లోంచి చూడాలి. పుస్తకాల బీరువాలు, రాతబల్ల, కుర్చీలు, గోడల మీద చిత్రాలు కనిపిస్తాయి. పక్కన వారి పాత డాడ్జ్ కారును కూడా భద్రపరిచారు. ఆవరణలో ఒక చెట్టు కింద స్థానిక దేవతల రాతి విగ్రహాలు ఉన్నాయి. వాటిలో గుర్రం మీద కూర్చున్న గుగా చౌహాన్ విగ్రహం ఎదుట నిలబడకుండా రాకండి. ఇంటికి దిగువన, నికొలస్‌కు అంత్యక్రియలు జరిగిన చోట పెద్ద బండరాయి ఉంది. దాని మీది హిందీ శాసనం ఆయనను మహర్షి అని, భారతదేశానికి గొప్ప మిత్రుడని పేర్కొంటూ, 1947 డిసెంబరు 15 అన్న తేదీని విక్రమ శకంతో సహా చెబుతుంది.

నా మనవి ఒక్కటే. ఈ ఇంటిని చిత్రకారుని ఇల్లుగా మాత్రమే చూసి వచ్చేయకండి. అది ఇద్దరి ఇల్లు. చిత్రాలు గోడల మీద ఉంటాయి కాబట్టి ఆయన పని కంటికి కనబడుతుంది, హెలెనా పని కనబడదు. ఆమె రాతబల్ల దగ్గర కూర్చొని చేసినదేమిటో ముందుగా తెలుసుకొని వెళితే తప్ప, ఆ కిటికీల వెనుక ఉన్నవి పాత కుర్చీలు, బల్లలుగానే మిగిలిపోతాయి.

విశాఖతీరం:

కొండదారి గారూ, మంచి విషయం ఎత్తుకున్నారు. ఈ ఇంటికి మా ఊరితో ఉన్న సంబంధాన్ని కూడా ఇక్కడ నమోదు చేయడం అవసరమనిపిస్తోంది. స్వెతొస్లావ్ రోరిక్ 1945లో పెళ్ళాడిన సినీనటి దేవికా రాణి 1908లో వాల్తేరులో జన్మించారు. ఆమె తండ్రి మద్రాసు రాజధానిలో ఉన్నత వైద్యాధికారిగా పనిచేసిన బెంగాలీ. మొదటి భర్త హిమాంశు రాయ్‌తో కలిసి 1934లో బాంబే టాకీస్ అనే చిత్రనిర్మాణ సంస్థను నెలకొల్పి, 1940లో ఆయన మరణించాక ఆ సంస్థను తానే నడిపించారు. దిలీప్ కుమార్‌ను వెండితెరకు పరిచయం చేసింది ఆమే. అంతటి కీర్తిని, వృత్తిని వదిలి, రెండో వివాహం తరువాత ఆమె అడుగుపెట్టినది ఈ కుల్లు లోయలోనే. కొంతకాలానికి ఆ దంపతులు బెంగళూరు దగ్గర స్థిరపడ్డారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని 1969 సంవత్సరానికి మొట్టమొదట అందుకున్న వ్యక్తి కూడా ఆమే.

విశాఖలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. నగ్గర్‌లో దేవికా రాణి ఫోటోలు ఉన్నాయని విన్నాను. అవి ఇప్పటికీ ప్రదర్శనలో ఉన్నాయా?

కొండదారి:

ఉన్నాయండీ. స్వెతొస్లావ్, దేవికా రాణి కలిసి ఉన్నవి, అతిథులతో దిగినవి చూశాను. వాటి కింద ఆమె వాల్తేరులో పుట్టారన్న మాట నాకు కనబడలేదు. మీరు చెప్పారు కాబట్టి ఇకమీదట వెళ్ళే మనవారు ఆ ఫోటోల ముందు మరికొంతసేపు నిలబడతారని ఆశిస్తున్నాను.

రంగులపెట్టె:

బొమ్మలు వేసేవాడిగా చిత్రశాల గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఆ గదుల్లోంచి పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు.

రోరిక్ తన వృత్తి తొలిదశలోనే నూనె రంగులను చాలావరకు విడిచిపెట్టి టెంపెరాకు మారారు. టెంపెరాలో రంగుపొడిని గుడ్డుసొన, జిగురు వంటి వాటితో కలుపుతారు. అది త్వరగా ఆరిపోతుంది, ఆరాక నూనె రంగులా మెరవదు. వెలుతురు దాని మీద పడి తిరిగి కంటికి కొట్టదు కాబట్టి నీలం నీలంగానే, ఊదా ఊదాగానే నిలుస్తుంది. హిమాలయాల మీద తెల్లవారుజామున, సాయంసంధ్యలో కనబడే పొడి వెలుతురుకు ఆ మాధ్యమం ఎంత సరిపోయిందో నగ్గర్‌లో తప్ప మరెక్కడా అంత స్పష్టంగా అర్థం కాదు. ఎందుకంటే చిత్రం చూసి వరండాలోకి వస్తే, కింద బియాస్ లోయ, ఉత్తరాన మంచుకొండలు ఎదురుగానే ఉంటాయి. ముద్రించిన పుస్తకాల్లో ఆయన రంగులు అతిశయంగా ఉన్నాయనిపిస్తుంది. అక్కడ మబ్బు విడిచిన సాయంకాలం ఒకసారి కొండల వంక చూసినవారు మళ్ళీ ఆ మాట అనరు.

ఆయన కొండలను విడివిడి రాళ్ళు, చెట్లు, పగుళ్ళతో వేయలేదు. రూపాన్ని పెద్ద పెద్ద తలాలుగా విడగొట్టి, ఒక్కో తలానికి ఒక్కో వన్నె ఇచ్చారు. ఆ నేర్పు కొంతవరకు రంగస్థలం నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 1913లో పారిస్‌లో ప్రదర్శించినప్పుడు పెద్ద అలజడి రేపిన రష్యా సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ బాలే (నృత్యరూపకం) 'వసంతోత్సవం'కు దృశ్యాలు, వేషధారణ రూపొందించినది రోరిక్కే. దాని కథాకల్పనలోనూ ఆయనకు భాగం ఉంది. దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి కొండ కొండలా కనబడాలంటే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది రంగస్థల చిత్రకారుడికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

మరొక్క విషయం. రాజా రవివర్మ, రవీంద్రనాథ్ ఠాగూర్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ మొదలైన వారి కృతులతో పాటు నికొలస్ రోరిక్ కృతులను కూడా భారత ప్రభుత్వం 1970లలో జాతీయ కళాసంపదగా ప్రకటించింది. వాటిని దేశం దాటించడానికి వీలులేదు. ఆ జాబితాలో విదేశంలో పుట్టిన చిత్రకారుడు ఇలా చేరడం ఎంత గౌరవమో గ్రహించి ఆ గదుల్లోకి అడుగుపెట్టండి.

గోదావరిగట్టు:

మా అత్తగారు, మామగారు, పదేళ్ళ పాపతో కలిసి వేసవిలో కుల్లు, మనాలి వెళ్ళాలనుకుంటున్నాము. మామగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. ఈ ఇంటి వరకు కారు వెళ్తుందా? ఎత్తు వల్ల పెద్దవారికి ఊపిరి ఇబ్బంది ఏమైనా ఉంటుందా? దయచేసి చెప్పగలరు.

కొండదారి:

గోదావరిగట్టు గారూ, నగ్గర్ ఎత్తు సుమారు 1,800 మీటర్లు. రోహ్తంగ్ కనుమలాగా అది నాలుగు వేల మీటర్లకు చేరువైన చోటు కాదు. కాబట్టి సాధారణ ఆరోగ్యం ఉన్న పెద్దవారికి ఎత్తు వల్ల ఇబ్బంది ఉండకూడదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా తీసుకొని బయలుదేరడం మంచిది.

ట్యాక్సీ కోట దగ్గర ఆగిపోకుండా పైన ప్రవేశద్వారం సమీపానికి వెళ్తుంది. ఈ సంగతి డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే కొందరు కోట దగ్గరే దింపి నడవమంటారు. ఆవరణలోపల మాత్రం వాలు, మెట్లు తప్పవు. మామగారు చిత్రశాల, దాని ముందున్న తోట నిదానంగా చూడగలరు. అంత్యక్రియల శిలకు దిగడం, ఉరుస్వతి భవనానికి ఎక్కడం వారికి కష్టమే. మీలో ఒకరు వారి దగ్గర ఉండి మిగిలినవారు వెళ్ళి రావచ్చు. పాపకు ఉరుస్వతి తప్పక నచ్చుతుంది.

మూలికల సంచి:

ఉరుస్వతి ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను కూడా కలుగజేసుకుంటున్నాను. నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని. నగ్గర్ వెళ్ళినది ఆ భవనం కోసమే.

ఉరుస్వతి అంటే వేకువ చుక్క వెలుగు అని ఆ దంపతులు చెప్పిన అర్థం. యూరి రోరిక్ సంచాలకుడుగా నడిచిన ఈ సంస్థలో ఒక పక్క టిబెటన్ భాష, గ్రంథాలు, జానపద సంస్కృతి మీద, మరో పక్క హిమాలయ మూలికల మీద పని జరిగింది. స్థానిక వైద్యులు వాడే మొక్కలను సేకరించి, వాటి పేర్లు, ఉపయోగాలు రాసుకొని, ఆరబెట్టిన నమూనాలుగా భద్రపరిచారు. ఒక మొక్కకు సంస్కృతంలో ఏ పేరు ఉంది, టిబెటన్ వైద్యగ్రంథంలో ఏ పేరు ఉంది, కుల్లు పల్లెల్లో ఏమంటారు అన్నది కలిపి చూడాలంటే భాషావేత్త, వృక్షశాస్త్రవేత్త ఒకే కప్పు కింద పనిచేయాలి. అటువంటి ఏర్పాటు 1930ల ఆరంభంలోనే, అంత మారుమూల లోయలో జరగడం నన్ను కదిలించింది. సంస్థకు అధ్యక్షురాలిగా దాని దైనందిన వ్యవహారాలు చూసినది హెలెనా. నికొలస్ దీర్ఘకాలం విదేశాల్లో ఉన్నప్పుడు ఆ భారం మరింతగా ఆమె మీదే పడింది.

ఇప్పుడు ఆ పై భవనాల్లో జానపద కళల ప్రదర్శన ఉంది. స్థానిక పిల్లలకు చిత్రలేఖనం, సంగీతం, నృత్యం నేర్పుతున్నారు. పరిశోధన సంస్థగా అది రెండో ప్రపంచయుద్ధం నాటికే ఆగిపోయింది. ప్రయోగశాల పరికరాలు, నమూనాలు చూస్తున్నప్పుడు ఇది కొనసాగి ఉంటే హిమాలయ మూలికల గురించి మనకు ఎంత తెలిసి ఉండేదో అన్న బాధ కలిగింది.

సందేహి:

అందరూ గౌరవంగా రాస్తున్నారు, అది సరైనదే. అయితే అక్కడి పలకలు చెప్పనివి కూడా తెలుసుకొని వెళ్ళడం ఆ దంపతులకు అగౌరవం కాదని నా నమ్మకం.

రోరిక్ దంపతుల యాత్రలు శాస్త్రీయ, కళాత్మక యాత్రలు మాత్రమే కావు. హిమాలయాల ఆవల ఎక్కడో దాగి ఉందని బౌద్ధ సంప్రదాయం చెప్పే పుణ్యభూమి శంభల గురించిన విశ్వాసం వారిని నడిపించింది. అదృశ్య గురువు నుంచి తనకు సందేశాలు అందుతున్నాయని హెలెనా విశ్వసించారు. వాటి ఆధారంగానే 'అగ్ని యోగ' గ్రంథాలు వెలువడ్డాయి. మధ్యాసియా యాత్ర మధ్యలో వారు మాస్కో కూడా వెళ్ళివచ్చారు. అందువల్ల బ్రిటిష్ ప్రభుత్వం వారిని సోవియట్ పక్షపాతులుగా అనుమానించింది. 1930లో అమెరికా, ఐరోపాల నుంచి తిరిగి రావడానికి నికొలస్‌కు వీసా నిరాకరించింది కూడా. హెలెనా నగ్గర్‌లో అనారోగ్యంతో ఉండగా ఆయన నెలల తరబడి ఎదురుచూసి, చివరకు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి ఓడలో వచ్చి, అక్కడి నుంచి అనుమతి సంపాదించి ఆ ఏడాది చివర ఇల్లు చేరారు.

1934లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున కరువును తట్టుకొనే గడ్డి విత్తనాల కోసం మంచూరియా, మంగోలియా ప్రాంతాలకు వెళ్ళిన యాత్ర రాజకీయ వివాదంలో చిక్కుకొని మరుసటి ఏడాది అర్ధాంతరంగా ముగిసింది. అమెరికాలో ఆయనకు అండగా నిలిచిన ధనికుడు లూయీ హోర్ష్ 1935లోనే తెగతెంపులు చేసుకున్నారు. మూలికల సంచి గారు బాధపడిన ఉరుస్వతి మూసివేతకు మూలం ఈ ధనం ఆగిపోవడమే. దీనంతటినీ వదిలేసి 'మహర్షి' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు.

పాతప్రతి:

సందేహి గారు చెప్పినవి అవసరమైన విషయాలు. అయితే వారే ప్రస్తావించిన 1935వ సంవత్సరంలో జరిగిన మరో సంఘటనను కూడా పక్కన ఉంచాలి. ఆ ఏడాది ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లోని శ్వేతసౌధంలో అమెరికా ఖండాలకు చెందిన 21 దేశాలు రోరిక్ ఒడంబడికపై సంతకాలు చేశాయి. యుద్ధకాలంలోనూ శాంతికాలంలోనూ మ్యూజియములు, విద్యాలయాలు, చారిత్రక కట్టడాలు తటస్థంగా భావించబడి రక్షణ పొందాలన్నది దాని సారం. ఆ రక్షణకు గుర్తుగా తెల్లని నేల మీద ఎర్రని వలయం, అందులో మూడు ఎర్రని చుక్కలు ఉన్న పతాకాన్ని ఆయన ప్రతిపాదించారు. ఆ గుర్తును నగ్గర్ ఆవరణలో చూస్తారు. యుద్ధాల్లో సాంస్కృతిక సంపదను కాపాడేందుకు కుదిరిన 1954 నాటి హేగ్ ఒప్పందానికి ముందు నడిచిన దారిలో ఇది ఒక ముఖ్యమైన మెట్టు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో అంతటి గౌరవాన్ని, అంతటి పతనాన్ని చూశాడు. ఈ రెండూ తెలిసిన సందర్శకునికి ఆ ఇల్లు మరింత లోతుగా అర్థమవుతుంది.

కొండదారి గారు మొదట చెప్పిన మాటకు మద్దతుగా హెలెనా గురించి కొంత రాస్తాను. ఆమె మంచి పియానో విద్వాంసురాలు. మధ్యాసియా యాత్రలో గుర్రం మీద, గుడారాల్లో, టిబెట్ పీఠభూమిలో చలికాలమంతా అధికారులు ముందుకు సాగనివ్వక నిలిపివేసిన నెలల్లో, ఆమె యాత్రికుల్లో ఒకరు. నగ్గర్ వచ్చాక ఆమె ఇల్లు దాటి వెళ్ళడం తక్కువ. రీగా, న్యూయార్క్, హర్బిన్ వంటి దూర నగరాల్లోని వారికి అక్కడి నుంచే ఎన్నో ఉత్తరాలు రాశారు. దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ ప్రధాన గ్రంథాన్ని రష్యన్‌లోకి అనువదించారు. ఆమె విశ్వాసాలను మనం అంగీకరించనక్కరలేదు. కాని నికొలస్ చిత్రాల్లో పదేపదే కనబడే గురువులు, యోగినులు, దూత కోసం ఎదురుచూసే మనుషులు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, సమాధానం చాలావరకు ఆమె రాతబల్ల దగ్గరే దొరుకుతుంది. తమ పనిని విడదీయలేనిదిగా ఆ ఇద్దరూ భావించారు.

నికొలస్ 1947 డిసెంబరు 13న కన్నుమూశారు. దేశవిభజన కల్లోలం నడుమ కొద్దివారాలకే హెలెనా, యూరి ఆ ఇంటిని విడిచారు. స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న ఆమె కోరిక తీరలేదు. సోవియట్ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. 1955లో కాలింపోంగ్‌లో మరణించారు. ఆమె స్మారక స్తూపం అక్కడ ఉంది. అందుకే నగ్గర్‌లో ఆయన శిల ఉన్నది గాని, ఆమెది లేదు. ఆమెను ఆ ఇంట వెతకాలంటే కిటికీల్లోంచే వెతకాలి.

సందేహి:

పాతప్రతి గారి వివరణ న్యాయంగా ఉంది. విశ్వాసాన్ని పక్కన పెట్టినా ఆ దంపతుల శ్రమను తక్కువ చేయలేము, నేను చేయదలచుకోలేదు కూడా. వెళ్ళేవారికి ఒక సూచన: 1942 మే నెలలో జవాహర్‌లాల్ నెహ్రూ, ఇందిర ఈ ఇంట అతిథులుగా ఉన్నారు. ఆ నాటి ఫోటోలను శ్రద్ధగా చూడండి. బ్రిటిష్ పోలీసులు అనుమానించిన ఇంటికి, క్విట్ ఇండియా ఉద్యమానికి కొన్ని వారాల ముందు, కాంగ్రెస్ నాయకుడు రావడం చిన్న విషయం కాదు. తరువాతి కాలంలో స్వెతొస్లావ్ వేసిన నెహ్రూ చిత్రపటాన్ని పార్లమెంటు సెంట్రల్ హాలులో ఉంచారు.

గోదావరిగట్టు:

గదుల్లోకి వెళ్ళనివ్వరని చదివి కొంత నిరుత్సాహపడ్డాము. కిటికీల్లోంచి చూస్తే ఏమైనా సరిగ్గా కనబడుతుందా?

రంగులపెట్టె:

కనబడుతుంది, కొంత ఓపిక కావాలి. అద్దం మీద వెనుక కొండల నీడ పడుతుంది కాబట్టి దూరం నుంచి చూసేవారికి తమ ముఖమే కనిపించి వెళ్ళిపోతారు. అద్దానికి దగ్గరగా నిలబడి రెండు చేతులతో వెలుతురు అడ్డుకొని చూడండి. కాసేపటికి కన్ను లోపలి చీకటికి అలవాటు పడి, ముందు బల్ల, తరువాత పుస్తకాల వీపులు, గోడ మీది చిత్రాలు ఒక్కొక్కటిగా స్పష్టమవుతాయి. చెక్క నేల, ఆనాటి తివాచీలు, పుస్తకాలు రోజూ వందల పాదాల తాకిడికి, తేమకు తట్టుకోలేవు. ఈ నియమాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. చిత్రశాలలో ఫోటోలు తీయనివ్వరు, అది కూడా మేలే.

మూలికల సంచి:

నగ్గర్ కోట గురించి కూడా ఒక మాట. దాన్ని వదిలేయమని ఎవరూ అనలేదు గాని, ఇల్లు చూసిన తరువాత కోట చూస్తే లోయలోని కట్టుబడి పద్ధతి బోధపడుతుంది. సున్నం వాడకుండా దేవదారు దూలాలను, రాళ్ళను వరుస మీద వరుసగా పేర్చే ఆ పద్ధతిని అక్కడ కాఠ్‌కుణి అంటారు. 1905 నాటి కాంగ్డా భూకంపంలో చుట్టుపక్కల ఎన్నో కట్టడాలు కూలినా ఈ కోట నిలిచింది. భూమి కంపించినప్పుడు చెక్క కొద్దిగా కదిలి తిరిగి సర్దుకోవడమే దీనికి కారణం. ఇప్పుడు అందులో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ హోటలు నడుస్తోంది.

విశాఖతీరం:

బెంగళూరులో ఉన్న తెలుగువారి కోసం ఒక ముక్క. దేవికా రాణి, స్వెతొస్లావ్ చివరి వరకు నివసించినది కనకపుర దారిలోని తాతగుణి ఎస్టేటులో. నాలుగు వందల ఎకరాలకు పైబడిన ఆ తోటలో సుగంధ తైలం కోసం లినాలో చెట్లు పెంచారు. ఆయన 1993 జనవరిలో, ఆమె 1994 మార్చిలో మరణించాక ఆస్తి మీద సుదీర్ఘ వ్యాజ్యం నడిచింది. ప్రభుత్వ స్వాధీనాన్ని 2011లో సుప్రీంకోర్టు సమర్థించింది. నగ్గర్‌లాగా నేరుగా టిక్కెట్టు కొనుక్కొని వెళ్ళగలమనుకొని బయలుదేరకండి, ముందుగా విచారించుకోవాలి. నగ్గర్ ఇల్లు ట్రస్టు చేతికి వచ్చి ప్రజలకు తెరుచుకోవడంలో స్వెతొస్లావ్ చివరి రోజుల చొరవ ఉంది. ఆయన సొంత ఇంటికి ఆ అదృష్టం ఇంకా పూర్తిగా పట్టకపోవడం విచారకరం.

కొండదారి:

గోదావరిగట్టు గారు ప్రయాణం ఖాయం చేసుకుంటున్నారు కాబట్టి నాకు సరిగ్గా అనిపించిన క్రమం రాస్తాను. మనాలి నుంచి కుడిగట్టు జాతీయ రహదారి మీద కాకుండా, జగత్‌సుఖ్ మీదుగా ఎడమగట్టు దారిలో రండి. వాహనాల రద్దీ తక్కువ, దారంతా యాపిల్ తోటలు. కుల్లు వైపు నుంచి వచ్చేవారు పట్లీకుహల్ దగ్గర వంతెన దాటి పైకి ఎక్కాలి. ఉదయం తెరిచే వేళకే ముందు రోరిక్ ఇంటికి వెళ్ళండి, కోట తరువాత. సోమవారం సెలవు, మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు, వేసవికి చలికాలానికి వేళలు మారుతుంటాయి. హోటలు వారిచేత ముందురోజు ఫోను చేయించి కనుక్కోండి. ఏప్రిల్‌లో యాపిల్ పూత, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు నిర్మలమైన ఆకాశం; జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవారితో ఆ నెలల్లో వద్దు.

ఇంట్లో ముందు పై వరండా చుట్టూ తిరిగి, తరువాత చిత్రశాలలోకి వెళ్ళండి. అక్కడ పనిచేసేవారు హిందీలో ఓపికగా వివరిస్తారు. హెలెనా గది ఏది అని ప్రత్యేకంగా అడగండి. మామగారు తోటలో కూర్చొని ఉండగా పాపను ఉరుస్వతికి తీసుకువెళ్ళండి. సగం రోజు కేటాయిస్తే ఏదీ హడావిడి పడకుండా చూడగలుగుతారు.